డెవానీ దగ్గర ఆస్బోర్న్ పదకొండు సీజన్లు: అసిస్టెంట్ కోచ్ ఎదుగుదల గురించి ఒక ప్రశ్న

ప్రశ్న
రాసినవారు: ఫిల్మ్‌గది విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుతూ, రెండేళ్లుగా మా ఫుట్‌బాల్ జట్టు వీడియో విభాగంలో పార్ట్‌టైమ్ పని చేస్తున్నాను. నేను చెబుతున్నది కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతిలో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. శనివారం మ్యాచ్ అయిపోగానే ఆ రాత్రంతా కూర్చుని ప్రతి ప్లేనూ, అంటే బంతి కదిలినప్పటి నుంచి ఆగేవరకు సాగే ఒక్కో ఎత్తునూ, ముక్కలుగా కోసి, పేర్లు పెట్టి, ఆదివారం ఉదయానికి కోచ్‌ల ముందు సిద్ధంగా ఉంచడం నా పని.

ఆ ఆదివారం సమావేశంలో చూసిన ఒక చిన్న విషయమే ఈ ప్రశ్నకు మూలం. వీడియోను ముందుకు, వెనక్కు నడిపే రిమోట్ ఒకటి ఉంటుంది. నేను చేరిన కొత్తలో అది ఎప్పుడూ హెడ్ కోచ్ చేతిలోనే ఉండేది. ఆయన ఎక్కడ ఆపితే అందరూ అక్కడ మాట్లాడాలి. పోయిన సీజన్ మధ్యలో, పెద్ద తేడాతో ఓడిపోయిన మర్నాడు, ఆయన గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, మారు మాట్లాడకుండా ఆ రిమోట్‌ను బల్ల మీదుగా రిసీవర్ల కోచ్ (విసిరిన బంతిని పట్టుకునే ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చే అసిస్టెంట్) వైపు జరిపారు. రిసీవర్ల కోచ్ ఆ ఉదయం హెడ్ కోచ్ సొంత నిర్ణయాల దగ్గర కూడా వీడియో ఆపి తప్పు చూపించారు. హెడ్ కోచ్ తల వంచుకుని పుస్తకంలో రాసుకుంటూ పోయారు.

ఈ రిసీవర్ల కోచ్ తొమ్మిదేళ్లుగా ఇదే హెడ్ కోచ్ దగ్గర ఉన్నారు. ఇంతకంటే పెద్ద జీతంతో రెండు ఉద్యోగాలు వచ్చినా వెళ్లలేదని చెబుతారు. ఆయన తన జీవితాన్ని వృథా చేసుకుంటున్నారని మా వీడియో గదిలో కొందరి అభిప్రాయం. నాకు మాత్రం ఆయన కళ్ల ముందే ఎదుగుతున్నారని అనిపిస్తోంది, కానీ ఎదుటివారికి వివరించి ఒప్పించేంత స్పష్టత నాకు లేదు.

ఈ ఆలోచనలో ఉండగానే నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో బాబ్ డెవానీ దగ్గర 1962 నుంచి 1972 వరకు పనిచేసి, తరువాత ఆయన స్థానంలోకే వచ్చిన టామ్ ఆస్బోర్న్ గురించి చదివాను. డెవానీ సరదా మనిషి, కథలు చెప్పి నవ్వించే మనిషి. ఆస్బోర్న్ మితభాషి, దైవభక్తుడు, డాక్టరేట్ చేసినవాడు. ఇంత భిన్నమైన ఇద్దరి మధ్య అంత గట్టి బంధం ఎలా కుదిరింది? డెవానీ ఆయనకు నిజంగా నేర్పినది ఏమిటి? అన్నాళ్లు ఒకరి కింద ఉండిపోవడాన్ని ఎదుగుదల అనవచ్చునా? ఆ చరిత్ర తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

---

సమాధానం 1
రాసినవారు: లింకన్ నివాసి

బాబూ, మీ ప్రశ్న చూసి చాలా సంతోషం కలిగింది. నేను 1983 ఆగస్టులో పరిశోధన కోసం నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఉన్న లింకన్ నగరానికి వచ్చి, ఇక్కడే ఉద్యోగం చేసి, ఇక్కడే విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. డెవానీ కోచ్‌గా ఉన్న రోజులను నేను చూడలేదు. నేను వచ్చేసరికి ఆయన అథ్లెటిక్ డైరెక్టర్, అంటే విశ్వవిద్యాలయ క్రీడలన్నిటికీ పై అధికారి, ఆస్బోర్న్ హెడ్ కోచ్. అయితే ఈ ఊరిలో నలభై ఏళ్లు ఉన్నవాడికి ఆ ఇద్దరి కథ తెలియకుండా ఉండదు. ఇక్కడి క్షౌరశాలలో కూర్చున్నా, బ్యాంకులో వరుసలో నిలబడినా అది చెవిన పడుతూనే ఉంటుంది.

మొదట డెవానీ సంగతి చెబుతాను, ఎందుకంటే ఆస్బోర్న్‌ను అర్థం చేసుకోవడానికి అదే దారి. ఆయన మిషిగన్ రాష్ట్రంలోని సాగినాలో 1915లో పుట్టారు. హైస్కూళ్లలో సుమారు పద్నాలుగేళ్లు కోచ్‌గా పనిచేసి, నలభైకి దగ్గరపడుతున్న వయసులో, 1953లో, మిషిగన్ స్టేట్‌లో అసిస్టెంట్‌గా చేరారు. అక్కడ బిగ్గీ మన్, ఆయన తరువాత డఫీ డాహర్టీ అనే ఇద్దరు పేరున్న కోచ్‌ల దగ్గర పని నేర్చుకుని, 1957లో వయోమింగ్‌కు హెడ్ కోచ్‌గా వెళ్లారు. అక్కడి నుంచి 1962లో నెబ్రాస్కాకు వచ్చారు. అంటే కింది ఉద్యోగం ఎలా ఉంటుందో, ఎదురుచూపు ఎలా ఉంటుందో ఆయనకు సొంత అనుభవంలో తెలుసు. అంతకుముందు సంవత్సరం మూడే విజయాలు సాధించిన నెబ్రాస్కా జట్టు, ఆయన వచ్చిన మొదటి ఏడాదే తొమ్మిది మ్యాచ్‌లు గెలిచింది. ఇక్కడి మెమోరియల్ స్టేడియంలో ఆ ఏడాది నవంబరులో మొదలైన టిక్కెట్లన్నీ అమ్ముడుపోయే వరుస ఈనాటికీ తెగలేదని చెప్పుకుంటారు.

అదే 1962లో ఆస్బోర్న్ ఆయన దగ్గరికి వచ్చారు. హేస్టింగ్స్ అనే చిన్న పట్టణంలో పుట్టి, అక్కడి కళాశాలలోనే ఆడి, ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో మూడు సీజన్లు గడిపిన పాతికేళ్ల యువకుడు. మనసు చదువు వైపు ఉంది, ఎడ్యుకేషనల్ సైకాలజీలో పై చదువుకు చేరారు. జట్టుతో ఏదైనా పని ఇప్పించమని అడిగితే, ఇవ్వడానికి జీతం లేదని డెవానీ చెప్పారు. దాని బదులు ఆటగాళ్లతో కలిసి భోజనం, సెలెక్ క్వాడ్రాంగిల్ అనే హాస్టల్‌లో ఒక గది ఇచ్చారు. ఆ గదికి ఒక షరతు ఉంది. ఆ వరండాలో ఉండే, ఎవరి మాటా వినని కొందరు ఆటగాళ్లను ఆయన అదుపులో ఉంచాలి.

ఈ సంగతిని చాలామంది తమాషాగా చెప్పి వదిలేస్తారు. నాకు మాత్రం ఆ పదకొండేళ్ల చదువులో మొదటి పాఠం ఇదేనని అనిపిస్తుంది. మైదానంలో కోచ్ చూసేది ఆటగాడి కాళ్లను, చేతులను. రాత్రి పదకొండింటికి హాస్టల్ వరండాలో ఆ కుర్రవాడు ఎలా ఉంటాడో, ఎవరికి ఫోన్ చేస్తాడో, ఎందుకు కోపంగా ఉన్నాడో చూసినవాడికే మనిషి తెలుస్తాడు. తరువాతి కాలంలో ఆస్బోర్న్ గొంతు పెంచకుండానే నూటయాభై మంది కుర్రవాళ్లను నడిపించారని అందరూ అంటారు. ఆ సహనానికి పునాది ఆ వరండాలోనే పడిందని నా నమ్మకం.

1965లో ఆయనకు డాక్టరేట్ వచ్చింది. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటూ హాయిగా స్థిరపడవచ్చు. కొంతకాలం పాఠాలు చెబుతూనే కోచింగ్ పని కూడా చేశారు. చివరికి కోచింగ్‌నే ఎంచుకుని, రిసీవర్ల బాధ్యత చూశారు. మీ జట్టులో మీరు చెప్పిన పెద్దమనిషిది కూడా అదే పదవి కావడం చూసి నాకు ముచ్చట వేసింది.

ఇక అసలు ఘట్టానికి వస్తాను. 1967లోనూ 1968లోనూ నెబ్రాస్కా ఆరు గెలిచి నాలుగు ఓడింది. 1968లో సొంత మైదానంలో కాన్సస్ స్టేట్ చేతిలో 12–0తో ఓడిపోయారు, సీజన్ చివరి మ్యాచ్‌లో ఓక్లహోమా 47–0తో చిత్తు చేసింది. అంతకుముందు వరుసగా కాన్ఫరెన్స్ (ప్రాంతీయ లీగ్) ఛాంపియన్‌షిప్‌లు తెచ్చిన అదే డెవానీని తీసేయాలని నెబ్రాస్కాలోని ఒమాహా నగరంలో సంతకాల సేకరణ కూడా జరిగింది. అలాంటి సమయంలో పెద్ద కోచ్‌లు సాధారణంగా రెండు పనులలో ఒకటి చేస్తారు: ఒక అసిస్టెంట్‌ను బలి ఇచ్చి జనాన్ని చల్లబరుస్తారు, లేదా పగ్గాలు మరింత బిగించి అన్నీ తామే చూస్తారు. డెవానీ తన సహాయకులను ఎవరినీ తీయలేదు. అఫెన్స్‌ను, అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఆడే ఆటను, మొత్తం కొత్తగా తయారు చేసే పనిని ముప్పై రెండేళ్ల ఆస్బోర్న్ చేతిలో పెట్టారు.

ఆట తెలియనివారి కోసం ఒక మాట. డెవానీకి పేరు తెచ్చినది ఒక పాత పద్ధతి. గట్టి కుర్రవాళ్లను ఒక పక్కకు ఎక్కువగా నిలబెట్టి, బంతితో ముందుకు తోసుకుపోవడం అందులో ప్రధానం. ఆస్బోర్న్ దాని స్థానంలో ఐ ఫార్మేషన్ తెచ్చారు. బంతిని అందుకుని ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్ వెనుక, బంతితో పరుగెత్తే ఇద్దరు బ్యాక్‌లు ఒకే గీతలో, ఒకరి వెనుక ఒకరు నిలబడతారు. అక్కడి నుంచి పరుగు ఏ వైపుకైనా మొదలుపెట్టవచ్చు, విసరడానికీ అనుకూలం. ఇందులో సాంకేతికత కంటే మనసును తాకే విషయం మరొకటి ఉంది. ఒక మనిషిని గెలిపించిన పద్ధతిని పక్కన పెట్టమని అతనికే చెప్పాలి, అతను ఒప్పుకోవాలి. పైన ఉన్నవాడికి ఎంత నమ్మకం ఉండాలో, కింద ఉన్నవాడికి ఎంత నిజాయితీ ఉండాలో ఆలోచించండి. మీరు చెప్పిన రిమోట్ సంగతి చదవగానే నాకు 1969 గుర్తుకు వచ్చినది ఇందుకే.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. వెన్ను దెబ్బతిని ఆట మానుకున్న బాయిడ్ ఎప్లీ అనే పోల్‌వాల్ట్ విద్యార్థి, వెయిట్‌రూమ్‌లో గాయపడిన ఫుట్‌బాల్ ఆటగాళ్ల చేత బరువులు ఎత్తిస్తున్నాడు. ఆ ఆటగాళ్లు ముందుకంటే దృఢంగా తిరిగి రావడం ఆస్బోర్న్ గమనించారు. బరువులు ఎత్తితే కండలు బిగుసుకుపోయి ఆటగాడు నెమ్మదిస్తాడని ఆ రోజుల్లో చాలామంది కోచ్‌ల నమ్మకం. ఆస్బోర్న్ ఆ కుర్రవాణ్ణి డెవానీ దగ్గరికి తీసుకువెళ్లారు. డెవానీకి పూర్తి నమ్మకం కుదరలేదు, అయినా ఒప్పుకున్నారు. ఎవరైనా నెమ్మదించారో, నీ ఉద్యోగం పోయినట్లేనని మాత్రం ఎప్లీతో చెప్పారు. ఈనాడు ప్రతి కళాశాల జట్టులోనూ కనిపించే స్ట్రెంగ్త్ కోచ్ అనే పదవికి ఎప్లీని ఆద్యులలో ఒకడిగా చెబుతారు. గమనించి చెప్పినది అసిస్టెంట్, తన అనుమానాన్ని పక్కన పెట్టి అనుమతి ఇచ్చినది హెడ్ కోచ్. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా అది జరిగేది కాదు.

ఫలితాలు మీరు చదివే ఉంటారు కనుక క్లుప్తంగా చెబుతాను. 1969లో తొమ్మిది విజయాలు, ఓక్లహోమాపై 44–14. 1970లో ఓటమి లేదు, ఒక్క డ్రా, జాతీయ ఛాంపియన్‌షిప్. 1971లో పదమూడుకు పదమూడు, మళ్లీ ఛాంపియన్‌షిప్. ఆ ఏడాది నవంబరు 25న, థాంక్స్‌గివింగ్ రోజున, నార్మన్‌లో ఓక్లహోమాతో జరిగిన మ్యాచ్‌ను ఈ నాటికీ శతాబ్దపు మ్యాచ్ అంటారు. ఏడు నిమిషాల ఆట మిగిలి ఉండగా 31–28తో వెనుకబడిన నెబ్రాస్కా, పన్నెండు ప్లేలలో 74 గజాలు నడిచి, జెఫ్ కిన్నీ బంతిని చివరి గీత దాటించి చేసిన టచ్‌డౌన్‌తో 35–31గా గెలిచింది. అఫెన్స్ ఏ ప్లే ఆడాలో చూసుకునే బాధ్యత అప్పటికి ఆస్బోర్న్‌దే. దేశమంతా టీవీలో చూస్తున్న ఆ చివరి ఏడు నిమిషాలలోనూ డెవానీ ఆ బాధ్యతను వెనక్కు లాక్కోలేదు.

మీ మూడో ప్రశ్నకు నా జవాబు ఇదే. ఏటా చేతికి అందే పని పెరుగుతూ వచ్చినంత కాలం ఒకరి కింద ఉండడం ఎదుగుదలే. హాస్టల్ వరండా, తరువాత రిసీవర్లు, తరువాత అఫెన్స్ మొత్తం, చివరి సీజన్‌లో అసిస్టెంట్ హెడ్ కోచ్ పదవి. ఆస్బోర్న్ ఒకే చోట పదకొండేళ్లు ఉన్నారన్న మాట నిజమే, కానీ ఒకే పనిలో పదకొండేళ్లు లేరు.

---

సమాధానం 2
రాసినవారు: మూడో డౌన్

లింకన్ నివాసి గారు రాసినది మనసుకు హత్తుకునేలా ఉంది. అయితే ప్రశ్న అడిగిన సోదరుడు ఆ కథను తన చుట్టూ ఉన్నవారికి అన్వయించుకునే ముందు ఒక తేడాను తప్పనిసరిగా గమనించాలి. డెవానీ 1967 నుంచి కోచ్ పదవితో పాటు అథ్లెటిక్ డైరెక్టర్ పదవిలో కూడా ఉన్నారు. తన తరువాత ఎవరు రావాలో నిర్ణయించే అధికారం దాదాపు ఆయన చేతిలోనే ఉంది. 1971 తరువాతే తప్పుకోవాలనుకుని, వరుసగా మూడో ఛాంపియన్‌షిప్ కోసం ఒక్క ఏడాది ఆగి, వారసుడు ఆస్బోర్న్ అని ముందే ప్రకటించగలిగారు. ఈ రోజుల్లో ఎంత గొప్ప హెడ్ కోచ్ అయినా తన అసిస్టెంట్‌కు అలాంటి మాట ఇచ్చి నిలబెట్టుకోగలడని చెప్పలేము. హెడ్ కోచ్‌ను తొలగిస్తే ఆయనతో పాటు అసిస్టెంట్లు కూడా పెట్టెలు సర్దుకోవలసి వస్తుంది.

ఇందుకు ఉదాహరణ కూడా నెబ్రాస్కాలోనే ఉంది. ఫ్రాంక్ సోలిచ్ 1960లలో డెవానీ జట్టులో ఫుల్‌బ్యాక్‌గా ఆడారు, 1979 నుంచి ఆస్బోర్న్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేశారు. ఆస్బోర్న్ 1997 సీజన్‌తో విరమించినప్పుడు, డెవానీ తనకు చేసినట్లే, తన పగ్గాలను సోలిచ్‌కు అప్పగించేలా చూశారు. సోలిచ్ ఆరు సీజన్లలో 58 గెలిచి 19 ఓడారు. 2003లో తొమ్మిది విజయాలు సాధించిన తరువాత కూడా ఆయనను తీసేశారు. పంతొమ్మిదేళ్ల శిష్యరికం చేసినవాడి మీద చెయ్యి వేసి కాపాడగలిగిన స్థానంలో అప్పుడు ఆయన గురువు లేరు. ఆస్బోర్న్ అప్పటికి అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడిగా ఉన్నారు.

కనుక మీ రిసీవర్ల కోచ్ గారు చేస్తున్నది మంచిదా కాదా అన్నది ఆయన హెడ్ కోచ్ మనసు మీద మాత్రమే ఆధారపడి లేదు. నేను నిరుత్సాహపరచడానికి ఈ మాట రాయడం లేదు. ఆ బంధం విలువైనదని నేను కూడా నమ్ముతాను, కానీ దానికి చుట్టూ ఉన్న వ్యవస్థ కూడా సహకరించాలి.

---

సమాధానం 3
రాసినవారు: పీడీ మాస్టారు

నాకు అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలు తెలియవు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. అంతకుముందు ఏడేళ్లు ఒక సీనియర్ పీడీ గారి దగ్గర వాలీబాల్ జట్టుకు సహాయకుడిగా ఉన్నాను. ఆ అర్హతతోనే ఇక్కడ నాలుగు మాటలు రాస్తున్నాను.

లింకన్ నివాసి గారు 1968 గురించి రాసిన చోట నేను ఆగిపోయి మళ్లీ మళ్లీ చదివాను. మా సార్ దగ్గర నేను నేర్చుకున్నదంతా ఒక ఓటమి రోజున నేర్చుకున్నదే. అంతర్ కళాశాలల పోటీలో సెటర్‌ను, అంటే కొట్టేవారికి బంతిని లేపి అందించే ఆటగాణ్ణి, మార్చమని నేను సలహా ఇచ్చాను, ఆయన మార్చారు, మేము ఓడిపోయాము. బయటికి వచ్చాక మా ప్రిన్సిపాల్ గారు అందరి ముందూ, ఆ మార్పు ఎవరు చేశారని అడిగారు. మా సార్ విజిల్ తాడును వేలికి చుట్టుకుంటూ, నేనే చేశానండీ అన్నారు. దారిలో బస్సులో నా పక్కన కూర్చుని, ఆ కుర్రవాణ్ణి ఎందుకు మార్చమన్నావో ఇప్పుడు నాకు వివరంగా చెప్పు, నీ ఆలోచనలో తప్పు ఎక్కడుందో ఇద్దరమూ చూద్దాం అన్నారు. ఇంటికి చేరేవరకు రెండు గంటలు అదే మాట్లాడుకున్నాము. నా ఆలోచన సరైనదేనని, మార్చిన సమయమే తప్పని చివరికి ఆయనే తేల్చారు. మరుసటి ఏడాది అదే కుర్రవాణ్ణి మళ్లీ సెటర్‌గా పెట్టమని ఆయన నాతోనే చెప్పించారు.

ఆ రోజు నింద నా మీద వేసి ఉంటే నేను మళ్లీ నోరు తెరిచి సలహా ఇచ్చేవాణ్ణి కాదు. అందుకే ఆస్బోర్న్ గారికి అఫెన్స్ అప్పగించడం కంటే, ఆ ఓటముల తరువాత సహాయకులను ఎవరినీ బలి ఇవ్వకపోవడమే ఆయన ఎదుగుదలకు ఎక్కువ ఉపకారం చేసి ఉంటుందని నా అనుభవం చెబుతోంది.

లింకన్ నివాసి గారిని ఒక విషయం అడగాలని ఉంది. మా సార్ పదవీ విరమణ చేసి ఊరికి వెళ్లిపోయారు కనుక నాకు ఆయన లోటు తప్ప ఇబ్బంది ఏమీ ఎదురుకాలేదు. డెవానీ గారు మాత్రం అథ్లెటిక్ డైరెక్టర్‌గా పై అంతస్తులోనే ఉండిపోయారు. నిన్నటి గురువు రేపటి పై అధికారిగా ప్రతి మ్యాచ్ చూస్తూ ఉంటే శిష్యుడికి ఊపిరి ఆడుతుందా? పైగా ఆస్బోర్న్ గారి కంటే వయసులో పెద్దవారైన అసిస్టెంట్లు ఉండి ఉంటారు కదా, వారు ఆయన మాట ఎలా విన్నారు?

---

సమాధానం 4
రాసినవారు: లింకన్ నివాసి

మాస్టారూ, మీ బస్సు ప్రయాణం గురించి చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ‘మూడో డౌన్’ గారు చెప్పిన తేడాను కూడా నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను. సోలిచ్‌ను తీసేసిన వారం ఈ ఊరిలో ఎంత బాధ పడ్డారో నేను చూశాను.

ముందుగా పెద్దవారి సంగతి. డెవానీ వయోమింగ్ నుంచి తనతో తెచ్చుకున్న మైక్ కార్గన్, జాన్ మెల్టన్ వంటివారు, ఆస్బోర్న్ హాస్టల్ గదిలో జీతం లేకుండా ఉన్న రోజుల్లోనే పూర్తి స్థాయి కోచ్‌లు. వారిని దాటి ముప్పై అయిదేళ్ల ఆస్బోర్న్ హెడ్ కోచ్ అయ్యారు. అయినా వారిద్దరూ వెళ్లిపోలేదు, చాలా ఏళ్లు ఆయన కిందనే పనిచేశారు. తరువాత ఆస్బోర్న్ తాను ఎంచుకున్న సహాయకులను కూడా అలాగే నిలుపుకున్నారు. లైన్ కోచ్ మిల్ట్ టెనోపిర్ 1974లో, డిఫెన్స్ చూసుకునే చార్లీ మెక్‌బ్రైడ్ 1977లో వచ్చి, ఆస్బోర్న్ విరమించే వరకూ ఉన్నారు. హెడ్ కోచ్‌లూ అసిస్టెంట్లూ ఊరూరూ తిరిగే ఈ వృత్తిలో అది అరుదైన విషయం. డెవానీ ఆయనకు నిజంగా నేర్పినది ఏమిటని బాబు అడిగాడు కదా, నేను చూపించగలిగిన గట్టి సాక్ష్యం ఇదే. డెవానీ హాస్యాన్ని ఆస్బోర్న్ నేర్చుకోలేదు, నేర్చుకోవాలని ప్రయత్నించలేదు కూడా. సహాయకుణ్ణి కూలివాడిలా చూడకుండా అతని పనిని అతనికి వదిలిపెట్టే తీరును మాత్రం యథాతథంగా తీసుకున్నారు.

ఇక పై అంతస్తు సంగతి. మీ అనుమానంలో న్యాయం ఉంది. ఆ తొలి సంవత్సరాలు ఆయనకు చాలా కష్టంగా గడిచాయి. రెండు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు తెచ్చినవాడి తరువాత వచ్చి, 1973 నుంచి 1977 వరకు వరుసగా అయిదుసార్లు ఓక్లహోమా చేతిలో ఓడిపోయారు. మొదటి ఏడాది అది 27–0. ఏటా తొమ్మిదికి తక్కువ కాకుండా గెలుస్తున్నా, ఆ ఒక్క మ్యాచ్ ఓడినందుకు ఊరు ఆయనను క్షమించేది కాదని నేను వచ్చిన కొత్తలో నా ప్రయోగశాల మిత్రులు చెప్పేవారు. 1978లో మొట్టమొదటిసారి 17–14తో గెలిచారు. ఆ తరువాతి వారమే సొంత మైదానంలో మిసోరీ చేతిలో ఓడారు. ఆ శీతాకాలంలో కొలరాడో విశ్వవిద్యాలయం పిలిస్తే బౌల్డర్ వెళ్లి చూసి వచ్చారు. ఆలోచించుకుని, ఉండిపోవాలని నిర్ణయించుకున్నారు.

ఆ అయిదేళ్ల ఓటముల కాలంలో ఆయన ఉద్యోగం నిలిచిందంటే, పై గదిలో కూర్చున్నది డెవానీ కావడం దానికి ముఖ్య కారణమని నేను అనుకుంటాను. సంతకాల సేకరణ అంటే ఏమిటో తెలిసినవాడు ఆయన. గురువు పైన ఉండడం వల్ల భారం ఎక్కువైన మాట నిజమే, కానీ అదే గురువు గొడుగుగా కూడా పనికి వచ్చారు. ఈ రెండింటినీ విడదీసి చూడలేము.

నేను కళ్లారా చూసిన ఒక రాత్రి గురించి చెబుతాను. 1984 జనవరి 2, నేను ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలం. సీజన్ చివర జరిగే ఆరెంజ్ బౌల్ అనే పెద్ద పోటీలో మయామీతో మ్యాచ్. ఆటలోని ఓనమాలు కూడా నాకు అప్పటికి సరిగా రావు. మా ప్రయోగశాలలో ఒక పెద్దాయన ఇంట్లో పది మందిమి టీవీ ముందు కూర్చున్నాము. ఒక నిమిషం కూడా మిగలని సమయంలో నెబ్రాస్కా టచ్‌డౌన్ చేసి 31–30కి వచ్చింది. ఒక పాయింటు కోసం బంతిని తన్నితే స్కోరు సమానం అవుతుంది, జాతీయ ఛాంపియన్‌షిప్ దాదాపు ఖాయం. ఆస్బోర్న్ గెలవడానికే ఆడాలని, బంతిని మళ్లీ గీత దాటిస్తే వచ్చే రెండు పాయింట్ల కోసం ప్రయత్నం చేయించారు. మయామీ ఆటగాడి చెయ్యి తగిలి బంతి పక్కకు పోయింది. ఆ గదిలో ఎవరూ కదలలేదు. ఇంటి పెద్దాయన లేచి, టీవీ కట్టేసి, డెవానీ తెచ్చినది రెండు, ఈయన ఇంకా ఒకటి కూడా తేలేదు, అయినా ఈ రోజు నుంచి ఈయన మా మనిషి అన్నాడు. తెర మీద ఆస్బోర్న్ ముఖంలో పెద్దగా మార్పేమీ కనిపించలేదు. హెడ్‌సెట్ తీసి, అవతలి కోచ్‌కు చెయ్యి కలపడానికి నడుచుకుంటూ వెళ్లారు.

1994, 1995లలో వరుసగా రెండు ఛాంపియన్‌షిప్‌లు వచ్చాయి, డెవానీ లెక్కతో సమానమైంది. డెవానీ 1993లో డైరెక్టర్ పదవి నుంచి విరమించారు, 1997 మే 9న కన్నుమూశారు. ఆ శరదృతువులో ఆస్బోర్న్ తన చివరి సీజన్ ఆడించి, పదమూడుకు పదమూడు గెలిచి, మూడో ఛాంపియన్‌షిప్‌తో తప్పుకున్నారు. మొత్తం 255 విజయాలు, 49 ఓటములు, 3 డ్రాలు. ఇరవై అయిదు సీజన్లలో ఒక్కసారి కూడా తొమ్మిదికి తక్కువ గెలవలేదు. మూడో టైటిల్‌ను మాత్రం డెవానీ చూడలేకపోయారు. ఆ ఏడాది పతాకాలతో ఊరంతా ఎర్రగా మారిపోయినప్పుడు నా మనసులో మెదిలిన లోటు అదొక్కటే.

---

ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: ఫిల్మ్‌గది విద్యార్థి

లింకన్ నివాసి గారికి, మూడో డౌన్ గారికి, పీడీ మాస్టారికి నా హృదయపూర్వక ధన్యవాదాలు. మాస్టారు రాసిన బస్సు ప్రయాణాన్ని మా రిసీవర్ల కోచ్ గారికి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన మొత్తం విని, నన్ను తన గదికి తీసుకువెళ్లి, సొరుగులోంచి ఒక పాత నోటుపుస్తకం తీసి చూపించారు. తొమ్మిదేళ్ల కిందట ఆయన వేసిన తొలి ప్లేలు పెన్సిల్‌తో అందులో ఉన్నాయి. ప్రతి పేజీ అంచున హెడ్ కోచ్ గారి చేతిరాతలో ప్రశ్నలు కనిపించాయి: ఈ కుర్రవాడు ఇక్కడికి ఎందుకు వెళ్తున్నాడు, డిఫెన్స్ ఇలా జరిగితే ఏం చేస్తాం, ఇది నువ్వు నమ్ముతున్నావా. మొదటి పేజీలలో ఆ ప్రశ్నలు అంచు నిండా ఉన్నాయి. పుస్తకం చివరికి వచ్చేసరికి పేజీకి ఒకటి, తరువాత ఏమీ లేవు.

మూడో డౌన్ గారు హెచ్చరించిన విషయాన్ని కూడా నేను ఆయనను అడిగాను, హెడ్ కోచ్ గారిని తొలగిస్తే మీ పరిస్థితి ఏమిటని. అది జరగవచ్చునని, తనకు ఇద్దరు పిల్లలు ఉన్నారని, ఆ ఆలోచన రాని వారం లేదని ఆయన దాచకుండా చెప్పారు. అయినా వచ్చే సీజన్‌కు ఇక్కడే ఉంటున్నారట. వసంతకాలపు ప్రాక్టీసులలో అఫెన్స్ మొత్తం ప్లేలను ఆయన చేతనే నడిపిస్తానని హెడ్ కోచ్ గారు పోయిన వారమే చెప్పారట. ఆ ప్రాక్టీసుల వీడియో కోసే పని నాదే కనుక, ఏం జరిగిందో ఇక్కడ తప్పక రాస్తాను.